వరస సరే... చనువు సంగతేంటి?

2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 24న బడులకు వేసవి సెలవులిచ్చి జూన్ 12న తెరిచారు. మొత్తం 49 రోజులు. ఏటా కాస్త అటూ ఇటుగా ఇంతే. ఆ రోజుల్లో గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో ఏ బండి చూసినా కిటికీలకు చిన్న ముఖాలు ఆనుకుని ఉంటాయి. వినుకొండ దాటితే గుండ్లకమ్మ, తర్వాత మా కురిచేడు, ఇంకా పోతే దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. స్టేషనుకో కుటుంబం దిగుతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకునే అక్క, ఆమె ఇద్దరు పిల్లలు, రెండు సూట్‌కేసులు, ఒక నీళ్ల సీసా. ఎదురుగా మేనమామ, చేతిలో చాక్లెట్ ప్యాకెట్.

తర్వాత జరిగేది మనందరికీ తెలిసిందే. 'ఏరా, నేనెవర్రా? మామనురా! రా, ఓ ముద్దు పెట్టు' అంటాడు మామ. మూడేళ్ల వాడు గబుక్కున తల్లి చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుంటాడు. మామ ఎత్తుకోబోతే కెవ్వుమంటాడు. 'అప్పుడే మమ్మల్ని మర్చిపోయాడే' అని అమ్మమ్మ నొచ్చుకుంటుంది. 'సిటీ పిల్లలమ్మా, మనుషుల్ని చూస్తే భయం' అని పక్కింటావిడ ఓ మాట విసురుతుంది. పిల్లాడి తల్లికి తల కొట్టేసినట్టవుతుంది. ఊళ్లో దిగి ఐదు నిమిషాలు కాలేదు, నలుగురి మనసూ చిన్నబోయింది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. కానీ సర్దుకోవాల్సింది మాత్రం పెద్దవాళ్లే, మూడేళ్ల వాడు కాదు. నా వాదనంతా ఇదే.

మన భాషలో ఒక తమాషా ఉంది. ఇంగ్లిష్‌లో అన్న కొడుకైనా, అక్క కొడుకైనా 'నెఫ్యూ' అనే ఒక్క మాటతో సరి. తెలుగులో అలా కుదరదు. మగవాడికి అన్నదమ్ముల పిల్లలు కొడుకూ కూతురూ వరసే. ఆడవాళ్లకు అక్కచెల్లెళ్ల పిల్లలు సొంత బిడ్డల వరసే. తోబుట్టువు ఆడైతే మగవాడికీ, మగైతే ఆడదానికీ ఆ పిల్లలు మేనల్లుడు, మేనకోడలు అవుతారు. వరస చెప్పి ఊరుకోలేదు మనవాళ్లు, పని కూడా అప్పగించారు. పుట్టు వెంట్రుకలు తీయించడం మేనమామ ఒడిలో. చెవులు కుట్టించేటప్పుడు పట్టుకునేది ఆయనే. పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి మేనకోడల్ని మండపానికి తెచ్చేదీ ఆయనే. ఆకాశంలో చందమామను కూడా వదల్లేదు, ఆయన్నీ మామనే చేశాం.

ఇంత గట్టి వరస ఉంది కాబట్టి చనువు దానంతట అదే వస్తుందనుకుంటాం. ఒకప్పుడు నిజంగానే వచ్చేది. ఆడపిల్లను పది, పదిహేను మైళ్ల లోపు ఇచ్చేవారు. పండగకో పబ్బానికో, జ్వరం వచ్చిందంటేనో, కందులు ఇచ్చిపోదామనో మేనమామ నెలకోసారైనా గుమ్మంలో ఉండేవాడు. చనువు కోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ మామ ఏడాదికి ఒకసారి కనిపిస్తున్నాడు. మనకు ఏడాదంటే నిన్న మొన్నటి సంగతి. మూడేళ్ల పిల్లకు అది బతికిన కాలంలో మూడో వంతు. అంతకాలం చూడని మనిషిని ఆ పిల్ల గుర్తుపట్టకపోతే ఆశ్చర్యమేముంది?

ఏడుపు జబ్బు కాదు

కొత్త ముఖాన్ని చూసి బెదరడం ఎదుగుదలలో ఒక మెట్టు. సాధారణంగా ఆరేడు నెలల నుంచి మొదలై, ఏడాది దాటేసరికి బాగా ఎక్కువై, రెండు మూడేళ్లకు మెల్లగా తగ్గుతుంది. తనవాళ్లెవరో, కానివాళ్లెవరో బిడ్డ విడదీసి చూడగలుగుతోందని దానర్థం. అది తెలివికి గుర్తు, పెంపకంలో లోపానికి కాదు.

ఆ వయసు దాటినా కొందరు పిల్లలు త్వరగా కలవరు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే అమెరికన్ మానసిక వైద్య దంపతులు 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి, పసితనం నుంచి చాలా ఏళ్లపాటు పిల్లల స్వభావాలను గమనిస్తూ వచ్చారు. వాళ్లు చూసిన పిల్లల్లో దాదాపు 40 శాతం ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయేవాళ్లు. 10 శాతం మొండిఘటాలు. సుమారు 15 శాతం మంది మాత్రం మొదట వెనక్కి తగ్గి, దూరం నుంచి చూసి, తమకు తోచినప్పుడు మెల్లగా దగ్గరయ్యేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ ఒక్క గాటనా కట్టలేని పిల్లలు. మీ ఇంటికి నలుగురు పిల్లలు వచ్చారనుకోండి, అందులో ఒకరు ఆ మెల్లగా కలిసే రకమైనా కావచ్చు. ఆ ఒక్కరినే మనం 'మొహమాటం', 'పొగరు', 'అమ్మకూచి' అంటుంటాం. రోజుకు పదిసార్లు అంటే ఆ బిడ్డ కూడా నిజమే కాబోలు అనుకుంటుంది.

అలాంటి పిల్లలతో ఏం చేయాలి? మొదటి రెండు మూడు రోజులు ఏమీ అడక్కండి. పేరు, తరగతి, మార్కులు, పాట పాడు, డ్యాన్స్ చెయ్యి, ఇవేవీ వద్దు. కింద కూర్చోండి. నిలబడ్డ పెద్దమనిషి మూడడుగుల పిల్లాడికి తాటిచెట్టంత కనిపిస్తాడు. వాడి కళ్లలోకి అదే పనిగా చూడకుండా, మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. ఆ పని మాత్రం వాడికి చూడాలనిపించేదై ఉండాలి.

మా ప్రాంతంలో దీనికి చేతికందే సాధనం ఒకటుంది. మార్కాపురం పలక. ఒకప్పుడు దేశంలో ఎన్నో బడులకు పలకలు పంపిన ఊరు మాకు కూతవేటు దూరంలో ఉంది. ట్యాబులు వచ్చాక పలకలు అటకెక్కాయి గానీ, నల్లటి రాతి మీద బలపం గీతను మొదటిసారి చూసిన సిటీ పిల్లల ముఖం చూడాలి! మా చెల్లెలి కొడుకు నాలుగేళ్లవాడు వచ్చినప్పుడు నేను రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని పలక మీద రైలు బొమ్మ వేసేదాన్ని. వాణ్ని పిలవలేదు. మొదటి రోజు తలుపు చాటు నుంచి చూశాడు. రెండో రోజు గడప మీద కూర్చున్నాడు. మూడో రోజు కావాలనే ఒక చక్రం తక్కువ వేశాను. 'ఇక్కడ వీల్ లేదు' అన్నాడు. 'అయ్యో, ఎక్కడ?' అన్నాను. వచ్చి బలపం లాక్కుని తనే గీశాడు. పెద్దవాళ్ల పొరపాటు దిద్దడమంటే పిల్లలకు ఎంత ఇష్టమో! ఆ తర్వాత మధ్యాహ్నం నిద్ర కూడా మానేసి 'పెద్దమ్మా, రైలు' అని కొంగు పట్టుకుని తిరిగాడు. (బలపాలు నమిలే పిల్లల మీద ఓ కన్నేయండి. మట్టి, బలపం, సుద్దముక్కలు పదేపదే తింటుంటే రక్తంలో ఐరన్ తక్కువై ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి.)

పిల్లవాడు ఒక చూపు చూస్తే, ఒక మాటంటే, ఒక వేలు చూపిస్తే మనం దానికి బదులివ్వడం, మళ్లీ వాడి వంతు కోసం ఆగడం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని శిశు వికాస కేంద్రం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు ఈ ఇచ్చిపుచ్చుకోవడమే పునాది అంటుంది. టెన్నిస్‌లో ఒకరు బంతి వేస్తే మరొకరు తిప్పి కొట్టడంతో దాన్ని పోలుస్తారు. మనం బంతిని వాడి ముఖం మీదకు విసురుతూ, తిప్పికొట్టలేదని తప్పు పడుతున్నాం.

ముద్దు అడిగి తీసుకునే అప్పు కాదు

దీని మీద మా ఇంట్లోనే నాకు ఎదురుమాటలు పడుతుంటాయి. 'సొంత మేనమామ ముద్దడిగితే తప్పేంటి? మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?' అని. మామ అడగడం తప్పు కాదు. బిడ్డ వద్దన్నాక కూడా తల్లి రెక్క పట్టుకుని ముందుకు తోయడం, అందరూ చుట్టూ చేరి నవ్వడం, అదే నాకు అభ్యంతరం.

పిల్లల రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి బడుల్లో చెబుతున్నారు. 'నీకు ఇష్టం లేకుండా ఎవరైనా ముట్టుకుంటే వద్దని గట్టిగా చెప్పు' అని టీచరు నేర్పుతుంది. అదే పిల్ల ఇంటికొచ్చి వద్దంటే 'పెద్దవాళ్లకు మర్యాద ఇవ్వడం తెలియదా?' అంటాం. ఏ మాట వినాలి ఆ బిడ్డ? ఈ చట్టం కింద నమోదయ్యే కేసుల్లో అత్యధికం పిల్లలకు తెలిసినవాళ్ల మీదవేనని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అందుకని ప్రతి మామనూ బాబాయినీ అనుమానించమని కాదు నేననేది. 'వద్దా? సరేలే నాన్నా, నీకెప్పుడు ఇష్టమైతే అప్పుడు' అని నవ్వుతూ వెనక్కి తగ్గే మామ ఆ బిడ్డకు బడిలో చెప్పలేని పాఠం నేర్పుతున్నాడు. వద్దంటే ఆగేవాడే నావాడు అన్న గుర్తు వాడి మనసులో పడుతుంది. పలకరింపుకు నమస్కారం ఉంది. అరచేయి అరచేయి కొట్టుకోవడం ఉంది. అవి చాలు.

ఎగతాళి గురించి కూడా ఓ మాట. 'మీ అమ్మను ఇక్కడే ఉంచేసుకుంటాం, నువ్వెళ్లిపో' అని ఏడిపించడం, 'నిన్ను సంతలో కొనుక్కొచ్చాం' అనడం, అక్కను చూపించి 'నువ్వేంటే ఇంత నల్లగా' అనడం, ఐదేళ్ల పిల్లను పట్టుకుని 'బావను చేసుకుంటావా' అని అడగడం. అన్నవాళ్లకు సరదా. మొదటి మాట విన్న నాలుగేళ్ల పిల్లవాడు ఆ రాత్రి తల్లిని వదలకుండా పడుకోవడం, పక్క తడపడం నేను కళ్లారా చూశాను. రంగు మీద అన్న మాటైతే ఇరవై ఏళ్లు దాటినా గుర్తుంటుంది. ఆ వయసు ఆడపిల్లల్ని అడిగి చూడండి.

ఇక ఫోన్. మామ దగ్గర చేరితే ఫోన్ దొరుకుతుందని పిల్లలకు రెండో రోజే తెలిసిపోతుంది. పిల్లాడు ఒళ్లో కూర్చున్నాడని మామకు సంబరం. వాడు కూర్చుంది మామ ఒళ్లో కాదు, ఫోన్ ముందు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని, అంతకంటే తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ వయసు పిల్లలు రోజులో కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలని కూడా చెప్పింది. అన్నట్టు, తల్లిదండ్రులు పెట్టుకున్న నియమాలను మామలూ పిన్నులూ గౌరవించాలి. ఒక ముక్క బెల్లం ఎక్కువ పెట్టండి, ఒక గంట ఆలస్యంగా పడుకోనివ్వండి, ఆ మాత్రం ముద్దు లేకపోతే అమ్మమ్మ ఊరెందుకు? కానీ పడని తిండి, వేసుకోవాల్సిన మందు, ఫోన్ విషయంలో తల్లి మాటే చివరి మాట.

వంటింట్లో ఉన్న అత్త సంగతి

బంధం గురించి మాట్లాడే మనం ఒకరిని మర్చిపోతాం. మేనమామ పిల్లల్ని బండెక్కించుకుని స్టేషనుకు వెళ్లి రైలు చూపించి వస్తాడు. మంచి మామ అనిపించుకుంటాడు. ఆ సమయంలో ఆయన భార్య పదిమందికి వంట చేస్తుంటుంది. పొద్దున ఇడ్లీ, పదకొండుకు మజ్జిగ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్లీ ఏదో ఒక పిండివంట. 44 డిగ్రీల ఎండలో, గ్యాస్ పొయ్యి ముందు. నెల తర్వాత పిల్లలు వెళ్లేటప్పుడు వాళ్లకు అత్త అంటే గుర్తుండేది గిన్నెల చప్పుడే. ఆమెకు పిల్లలంటే ఇష్టం లేక కాదు, కూర్చునే తీరిక ఎవరూ ఇవ్వక.

ఆడపడుచులు పుట్టింటికి విశ్రాంతి కోసమే వస్తారు, కాదనను. అయినా రాత్రి భోజనం చద్దన్నం, పెరుగు, మామిడిపండుతో సరిపెట్టుకుంటే ఎవరి మర్యాదా తగ్గదు. రోజుకో పూట వంట మగవాళ్లు చూసుకుంటే మరీ మంచిది. ఖాళీ అయిన ఆ గంట అత్తది. వామనగుంటలు ఆడుతుందో, అష్టాచమ్మా గీస్తుందో, కథ చెబుతుందో ఆమె ఇష్టం. చింతగింజలతో ఆడేటప్పుడు మూడేళ్ల లోపు పిల్లల్ని మాత్రం దూరంగా ఉంచండి. ముక్కులో దూర్చుకుంటారు. అలా జరిగితే పుల్లతో, పిన్నుతో తీయబోవద్దు, లోపలికి పోతుంది. డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.

ఎండ సంగతి మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లోనే, దాహం వేయకపోయినా నీళ్లు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్. అంతే. మిరపకాయలు తొడిమలు తీసేచోట పిల్లలు చేతులు పెట్టి కళ్లు నులుముకుంటారు, చూసుకోండి.

కాలువ గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. నాగార్జునసాగర్ కుడి కాలువ మా మండలం మీదుగా పోతుంది. వేసవిలో తాగునీటి చెరువులు నింపడానికి నీళ్లు వదిలినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది. పిల్లల ముందు గొప్పగా కనిపించాలన్న సరదా మామలకు సరిగ్గా అక్కడే పుడుతుంది. తను చిన్నప్పుడు ఈదిన కాలువే కదా అని దింపుతాడు. అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్లలకు ఈత రాదు. సిమెంటు చేసిన వాలు నాచుపట్టి జారుతుంది, పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు, పైకి నిదానంగా కనిపించే నీటికి లోపల లాగుడు ఉంటుంది. గట్టు మీద నిలబడి చూపించండి, చేయి పట్టుకుని. అంతకు మించి వద్దు. ఏ వేసవిలోనూ ఈ వార్త లేకుండా జిల్లా పేజీ పూర్తి కావడం లేదు.

పదహారేళ్లప్పుడు

ఇంత శ్రమ ఎందుకు? నెల రోజులు ఉండి వెళ్లిపోయే పిల్లలే కదా?

హవాయి దీవుల్లో కవాయి అని ఒక దీవి ఉంది. ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను నలభై ఏళ్లు వచ్చేవరకూ గమనిస్తూ పోయారు. పేదరికం, తాగుడు, తల్లిదండ్రుల గొడవలు, మానసిక జబ్బులు ఉన్న ఇళ్లలో పెరిగి, చెడిపోతారనుకున్న పిల్లల్లో మూడో వంతు మంది నిబ్బరంగా నిలబడ్డారు. వాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించిన సంగతి ఒకటి. తల్లిదండ్రులు చేయందించలేని సమయంలో వాళ్లకు తమవాళ్లనదగ్గ పెద్దమనిషి ఒకరు ఉన్నారు. అమ్మమ్మో తాతో, పిన్నో మామో, పక్కింటివాళ్లో, పాఠాలు చెప్పే టీచరో.

మన పిల్లల ఇళ్లు అంత కష్టంలో లేకపోవచ్చు. కానీ ఈ మూడేళ్ల పిల్ల పదో తరగతి అయ్యాక ఏ గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్లో ఉంటుంది. వారానికో పరీక్ష, గోడ మీద ర్యాంకుల జాబితా. మార్కులు తగ్గాయని తండ్రికి చెప్పడానికి భయం. ప్రేమో, స్నేహంలో దెబ్బో, హాస్టల్లో ఎవరో వేధించడమో, తల్లికి చెబితే ఏడుస్తుందని బెంగ. అలాంటి రాత్రి ఆ పిల్ల ఎవరికి ఫోన్ చేస్తుంది? ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవాలంటే భయపడే మనకు ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. తల్లిదండ్రులు కానివాళ్లు, అయినా సొంతవాళ్లు, తిట్టనివాళ్లు, రహస్యం దాచేవాళ్లు. ఆ చోటు మేనమామది, అత్తది, పిన్నిది, బాబాయిది. అది ఇంటర్‌లో చేర్చాక కొత్తగా సంపాదించుకునేది కాదు. 'ఏదైనా ఉంటే నాకు చెప్పు తల్లీ' అని పదహారేళ్లప్పుడు హఠాత్తుగా అంటే ఆ పిల్ల తలూపి ఊరుకుంటుంది. పలక మీద రైలు గీసినప్పుడు, ముద్దు వద్దంటే సరేనన్నప్పుడు మొదలై ఉండాలి. పిల్లలు లేని మామలూ పిన్నులూ, పెళ్లి చేసుకోని బాబాయిలూ ఈ పనికి తాము పనికిరామనుకుంటారు. నా ఉద్దేశంలో వాళ్లకే తీరికా ఓపికా ఎక్కువ.

జూన్‌లో పిల్లలు రైలెక్కాక చేయాల్సింది కొంత ఉంది. రెండున్నరేళ్ల లోపు పిల్లలు టీవీలో చూసి పెద్దగా నేర్చుకోరు. కానీ అవతలి మనిషి తమ మాటకు అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్లో కొత్త మాటలు నేర్చుకుంటారని 2014లో అమెరికా పరిశోధకులు రెండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. అందుకే అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెర వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. 'బాగున్నావా, తిన్నావా, హాయ్ చెప్పు' అని పదిమంది ఒకేసారి అరిచే కాల్ కాదు. ఆదివారం సాయంత్రం ఒక్కరే, పది నిమిషాలు, అదే పలకతో. మీరు సగం బొమ్మ వేయండి, మిగతా సగం ఎలా వేయాలో అటునుంచి వాణ్ని చెప్పనివ్వండి.

అమెరికాలో ఉన్నవాళ్ల పిల్లలకైతే సెలవులు మొదలయ్యేదే మే చివర్లో, జూన్‌లో. వాళ్లు దిగేసరికి ఇక్కడి పిల్లలు బడికి వెళ్లిపోతారు, ఆడుకోవడానికి ఈడువాళ్లు ఉండరు. ఆ ఇళ్లలో మామకూ అత్తకూ పని ఇంకా ఎక్కువ. ఒక వారం సెలవు ముందే అడిగి పెట్టుకోండి.